మసక దీపం

డండీలో మంగళవారం, పబ్బు పైగది.
తడిసిన కోట్ల వాసన.
మైకు దగ్గర ఫెర్గస్ అన్నాడు:
"మనిషి అద్దం కనిపెట్టాడు.
మొహం చూసుకుని
మర్నాడే మసక దీపం కనిపెట్టాడు."

ఊరివాళ్ళు బల్ల చరిచి నవ్వారు,
అది ఇంగ్లీషువాళ్ళ మీదని.
మూలనున్న ఇంగ్లీషాయన
ఎవరూ తనను చూడకముందే
తనమీదే వేసుకుని నవ్వేశాడు, సారీ చెప్పి మరీ.
జర్మనీ యుట్టా మాత్రం నవ్వలేదు:
"దీపం ముందు కదా పుట్టింది?"

నేనా? గుమ్మడికాయల దొంగలా
భుజాలు తడుముకుని,
ఆనక మా తోడల్లుడు గుర్తొచ్చి
అందరూ ఆగాక పకపకా నవ్వాను.

విరామంలో కింద, మగాళ్ళ గదిలో
ఒక్కటే అద్దం.
వరసగా నిలబడి జుట్టు సర్దుకున్నాం,
మాలో ఫెర్గస్ కూడా.
బల్బు బాగా మసక.
మార్చమని ఎవరూ అడగలేదు.