పళ్లు మార్చాక

ఎనికేపాడు దాటాక, ఏలూరు కాలువ గట్టు పక్కన
నలభై మూడో పైలు.
రాత్రి పదకొండు నలభై. బెంటొనైట్ బురద
నా బూట్ల మీద ఆరి పొక్కులుగా లేస్తోంది.

నా పని చిన్నది. మీటరుకో వరస:
ఎన్ని నిమిషాలు పట్టింది, మెషిను ఎంత బలంతో తిప్పింది,
ఎంత బరువుతో నొక్కింది.
గంపెడు మట్టిని పెకలించడానికి ఎంత శక్తి పోయిందో లెక్క కడితే
ఆ మట్టి ఎంత మొయ్యగలదో
అంచనాగా తెలుస్తుంది.
అంచనాగా.
ఆ మాట మా సార్‌కి నచ్చదు.

మొదటి ఆరు మీటర్లు నల్లరేగడి,
బాకీ ఉన్నట్టు బకెట్‌ను పట్టుకుని వదలదు.
తర్వాత ఇసుక. ఎప్పుడో కృష్ణ ఇటుగా వచ్చి పోయిందేమో,
అభ్రకం తళుకులు, ఒక నత్తగుల్ల.
గుల్లను జేబులో వేసుకున్నాను.
ఫారంలో దానికి గడి లేదు.

పందొమ్మిదో మీటరు దగ్గర ముల్లు లేచింది.
నూట నలభై. నూట అరవై. నూట డెబ్బై ఐదు.
"గట్టి నేల తగిలిందమ్మా, ఆపించెయ్," ఫోన్‌లో సార్.
"కేజ్ దింపితే తెల్లారేసరికి కాంక్రీటు పడిపోద్ది."
అంకె రాసి, కింద గీత కొట్టబోయాను.

క్యాబిన్‌లోంచి బాజీ దిగాడు.
కెల్లీ రాడ్డు మొత్తం పైకి లాగి
బకెట్ అడుగున టార్చి వేశాడు.
"చూడండి మేడమ్.
బోసినోటికి మరమరాలూ రాళ్లే."

పళ్లు మార్చడానికి గంటా పది నిమిషాలు,
రెండు టీలు, సార్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్.
మళ్లీ దింపాడు. అదే గొయ్యి, అదే లోతు.
ముల్లు ఎనభై దగ్గర కాసేపు ఊగి
అక్కడే ఉండిపోయింది.

ఇంకో నాలుగు మీటర్లు పోయాం.
ఇరవై మూడు దగ్గర ఇంజను మోత మారింది,
బకెట్ నిండా గులకరాళ్లు.
బాజీ ఒకటి తీసి, తుడిచి, నా పుస్తకం మీద పెట్టాడు.

"మొదటి అంకె చాలుగా, అదే ఉంచకపోయావా?"
ఉంచాను సార్. కొట్టెయ్యలేదు.
దాని పక్కన రాశాను: పళ్లు అరిగినవి.
రెండోదాని పక్కన: పళ్లు కొత్తవి.

ఇప్పుడు మూడున్నర. హైవే మీద చేపల లారీలు.
గులకరాయి పక్కకు జరిపి
పేజీలు వెనక్కి తిప్పుతున్నాను.
నలభై రెండో పైలు. నలభై ఒకటి. నలభై.
అన్నిటా మంచి అంకెలే.
పళ్లు ఎప్పుడు మార్చామో,
ఆ గడి కూడా ఫారంలో లేదు.