సూది గుచ్చిన చోటు

పర్లాకిమిడిలో దాలమ్మ కుట్టు కొట్టు మీద
అద్దెగదిలో కూర్చుని కెర్నెల్ కోడు రాస్తాను.
కింద ఎవరో కేకేస్తారు: "మావుసీ, హెలా కి?"
పాదం ఆగుతుంది. కుట్టు ఆగినచోట
సూది గుచ్చి లేస్తుంది దాలమ్మ.
"కాలి ఆస" అని ఒడియాలో పంపేసి
మళ్ళీ తెలుగులోకి, అదే చంకకుట్టులోకి,
అదే కన్నంలోకి.
మధ్యలో ఆగినట్టు జాకెట్టుకు తెలీదు.

నేను రిజిస్టర్లు దాచేదీ ఇలాగే.
ఒక్కటి మరిచిపోతే
ఒకరి చేతికి ఇంకొకరి కొలత.

పెదాల మధ్య గుండుసూదులు ఉన్నంతసేపూ
పిలిచినా పలకదు.
గుమ్మం దగ్గర మనుషులు వరసగా నిలబడతారు.
ఆ కాసేపే నాకూ కావాలి, ఇంటరప్టులు మూసేసి
క్యూని సర్దుకునే నాలుగు లైన్లు;
అయిదోది రాస్తే యంత్రం బిగుసుకుపోతుంది.

మొన్నటి ఆషాఢంలో గుణుపురం నుంచి ఫోను.
తమ్ముడు. వంశధార.
సూదులు ఉమ్మేసింది.
మూయలేనివి కొన్ని ఉంటాయని
మాన్యువల్లో చదివాను గాని,
నేల మీద వాటి చప్పుడు వినడం అదే మొదలు.

పన్నెండో రోజు కొట్టు తెరిచింది.
సూది అక్కడే ఉంది.
కుట్టు అక్కణ్ణించే సాగింది.
జాకెట్టుకు ఇప్పటికీ ఏమీ తెలీదు.
చంక కింద చిన్న తుప్పు చుక్క.