టోకెన్ నెంబరు ఏడు

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ మీద
రేకుల గది నాది.
కింద పిక్కలు ఉడుకుతుంటే
కీబోర్డుకి కూడా ఆ వగరు వాసన.

ఆ శనివారం మెట్లెక్కి వచ్చింది బైరి దమయంతి.
కూలి చీటీ బల్ల మీద పెట్టి, మెల్లగానే:
"నా నెంబరుకి కూలిచ్చీసినావేటి బాబూ,
నా పనికి ఇవ్వకండా?"

టోకెన్ ఏడు. ఒలిచిన పప్పు పన్నెండు కేజీలు.
నేను రాసిన లెక్క రెండు అంకెలు అడుగుతుంది,
ఎవరు ముందు, ఎవరు వెనక అని అడగదు.
ఏడు కేజీలకు డబ్బు కట్టి
పన్నెండో నెంబరు మనిషి పేరు రాసేసింది.
ఎక్కడా తడబడలేదు.
ఒంటి మీద బట్ట లేని అంకెలు
చీకట్లో అన్నీ ఒకేలా ఉంటాయి.

ఆ రాత్రి ఒక్కో అంకెకీ ఒక పొర తొడిగాను.
ఇది కేజీ. ఇది టోకెన్.
ఒకటి రెండోదాని పీట మీద కూర్చోబోతే
ప్రోగ్రాం అసలు లేవనే లేవదు.
పొర తొడిగే చోటే, గుమ్మంలోనే, నిలదీస్తాను:
సున్నా కంటే తక్కువా? పో.
ఒక్క మనిషి, ఒక్క రోజు, పదిహేను దాటావా? పో.
లోపలికి వచ్చినదాన్ని
గదిగదికీ మళ్ళీ తూచక్కర్లేదు.
పొరకి బరువు లేదు,
పప్పు మీది ఎర్రపొట్టంత కూడా లేదు.
నడిచే వేళకి మిషనే ఒలిచి పారేస్తుంది.

నాలుగు వారాలు హాయిగా నిద్రపోయాను.

తర్వాత ఒక సాయంత్రం తెర మీద ఎర్రగా:
పంతొమ్మిది కేజీలు, చెల్లదు.
దొంగలెక్క పట్టుకున్నవాడిలా కిందికి దిగాను.
దమయంతి పక్కన తోటికోడలు కూర్చుని ఒలుస్తోంది,
టోకెన్ లేని మనిషి.
కాటా మీద పప్పు పంతొమ్మిదే,
ముల్లు కదలకుండా.

"నీ మిషనొప్పుకోదేటి?" అని నవ్వి
బొటనవేలు చూపించింది దమయంతి.
పదేళ్ళు పిక్కలు కోసిన చెయ్యి.
జీడినూనె తినేసిన వేలు,
గీతల్లేకుండా, గవ్వలా.
"రేషను మిషనూ ఇలగే. నాను నాను కాదంటాది."

పదిహేను అని నాకెవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు.
ఫ్యాను కింద కూర్చుని నేనే అనుకున్నాను.

సున్నా దగ్గరి గీత ఉంచాను.
పదిహేను దగ్గరిది చెరపాలి,
చేతులు రెండా నాలుగా అని అడగడం రాయాలి.
ముందుగా తోటికోడలి పేరు అడిగాను.
తలెత్తలేదు ఆవిడ. గోటితో పొట్టు తీస్తూనే,
"పేరెందుకు బాబూ," అంది,
"కేజీలు రాయి."