లేడీస్ కౌంటర్

మాట పడిపోయి మూడు వారాలైంది.
థెరపీ పిల్ల అట్టముక్కలు చూపిస్తది.
గొడుగు. పిల్లి. అరటిపండు.
అండాలత్త మూడింటినీ ఒక్క తీరుగనే చూస్తది,
చినిగిన నోటును వెలుతురుకు పట్టి చూసినట్టు.
పిల్ల కాయితం మీద సున్న రాసుకుంటది.

క్రాస్‌రోడ్ల కాడ సినిమా హాల్ల
ముప్పై రెండేండ్లు టికెట్లు చింపిన మనిషి.
చెయ్యి పట్టేంత బొక్క.
అండ్లకెల్లి టికెట్టొకటి బయటికొస్తే
ఎన్కనే తిట్టొకటి, ఫుకట్‌గ.
లైన్ల దూరినోడు లత్కోరు.
చెల్లెలి కోసమని కొని
గేటు కాడ రెట్టింపుకు అమ్మెటోడు దో నంబర్‌గాడు.
బెల్‌బాటంతోని మెట్లన్నీ ఊడ్సుకుంట వచ్చెటోన్ని
"రా బిడ్డా, బల్దియా చీపురూ" అని పిలిచేది.

సినిమా ఎట్లుందత్తా అంటే
దస్తీల లెక్క చెప్పేది.
ఒక దస్తీ సినిమా, రెండు దస్తీల సినిమా.
ఒక్కసారి మాత్రం, "తువ్వాల తీస్కపో."

ఇగ "మొన్న" అంటే మొన్న కాదు.
నిన్నటికి అవతల ఉన్నదంత మొన్ననే.
ఆమె పెండ్లి మొన్న.
హాలు కూలగొట్టింది మొన్న.
మామ ఫట్‌ఫటి మీద పోయి
మల్ల రానిది గూడ మొన్ననే.

దవాఖాన గేటు కాడ ఆటో పిలగాడు
చిక్కడపల్లికి మూడు వందలన్నడు.
నేను ఫోన్ల రేట్లు చూస్తున్న.
పక్కకెల్లి, వంకర పోయిన మూతిలకెల్లి,
ఒక్క అక్షరం గూడ నలగకుండ:
"చారానా కోడికి బారానా మసాలానారా, హౌలే!"

ఆటో ఆగిపోయింది. నేను ఆగిపోయిన.
వాచ్‌మన్ చేతిల చాయ్ ఆగిపోయింది.

పిలగానికి ఇరవై ఉంటయేమో.
"చారానా అంటే ఏందమ్మా?"
అత్త నోరు తెరిచింది.
అడుగుకు దిగిన బొక్కెన ఉత్తగనే పైకొచ్చినట్టు
మూసుకుంది.
బొటనవేలి గోరు మీద చూపుడువేలు పెట్టి చూపించింది,
గింత. గింతే ఉంటది.
వాడు నూటయాభైకే తీస్కపోయిండు.

ఆ రాత్రి అట్టపెట్టెలు కత్తిరించిన.
నాకు బొమ్మలు రావు,
బెల్‌బాటం గీస్తే రెండు గంటలయినయి, గుడి గంటలు.
ఆమె చూసింది. సగం మొకం నవ్వింది.
"బల్... బల్ది..."

ఇప్పటికి పదకొండు మాటలు.
అండ్ల తొమ్మిది పదిమందిల అనరానియి.
థెరపీ పిల్ల తలొంచుకొని,
చెవులు ఎర్రగ చేసుకొని, అన్నీ రాసుకుంటది.

బయట వాన.
గొడుగు ఇంకా రాలేదు.