నలభై ఒకటో కొక్కెం

సినిమా నేను చూడలేదు.
గోడకి ఇవతల, కోట్లు తగిలించే గదిలో
పదిహేడు రోజులుగా వింటున్నాను.
గంటా పది నిమిషాలకి వయొలిన్లు లేస్తాయి.
ఆయనకి పిచ్చెక్కిందన్నమాట.

తార్తు ఊళ్ళో ఫిబ్రవరి.
మంచు ముద్దలంటిన బూట్లతో వస్తారు జనం.
తడిసిన ఉన్ని వాసన నా చేతుల్లో పెట్టి
ఇత్తడి బిళ్ళ పుచ్చుకుని చీకట్లోకి వెళ్తారు.
తిరిగొచ్చేటప్పుడు ముక్కులు ఎర్రగా ఉంటాయి,
చలికి కాదు.

"ఎంత అందంగా తీశాడు!" అంటుంది బొచ్చు కాలరావిడ
రెండో చేతి కోసం కోటులో తడుముకుంటూ.
"మందులు మింగించకపోతే ఇంకెన్ని కనిపెట్టేవాడో!"
ఆవిడ భర్త.
బోర్డు మీద రెండో వరుస తప్పని
ఇద్దరు కుర్రాళ్ళు పోట్లాడుకుంటూ
ఒకడి మఫ్లరు ఇంకొకడు చుట్టుకుపోయారు.
"నాకూ గొంతులు వినిపిస్తే నేనూ గొప్పదాన్నవుతానా?"
అని ఒక పిల్ల.
తల్లి గబుక్కున టోపీని దాని చెవుల మీదికి లాగింది.

ఇంకో పెద్దమనిషి, యూనివర్సిటీ ఆయన,
బిళ్ళ ఇస్తూ నాకే చెప్పాడు:
"మేధకీ ఉన్మాదానికీ మధ్య దూరం వెంట్రుకవాసి."
అయ్యా,
ఆ వెంట్రుకలు తొమ్మిదేళ్ళు నెలనెలా
నేనే కత్తిరించాను.

మూడో వార్డు. రాత్రి డ్యూటీ.
ఎండెల్ హావిక్, ముడుల లెక్కలాయన.
ఏ తాడు ఎలా పెనవేస్తే ఎన్నటికీ విడదో
కాయితం మీద తేల్చినవాడు.
మొదటిరోజే ఆయన బూట్ల లేసులు తీసి
డ్రాయర్లో పడేసి తాళం వేశాను.
అది రూలు.
నాలుకలు వేలాడే బూట్లని ఈడ్చుకుంటూ
వరండా ఈ కొసనుంచి ఆ కొసకి నడిచేవాడు.
ఆ చప్పుడు కోసం రోజూ గోడకి చెవి పెడుతున్నాను.
వాళ్ళు పెట్టలేదు.

కిటికీ అద్దం మీద ఆవిరిలో వేలితో లెక్కలు రాస్తాడట,
అక్కడే అందరికీ ఒళ్ళు జలదరిస్తుందట.
మా కిటికీలు ఎత్తున ఉండేవి, ఆయనకి అందేవి కావు.
ఆయన లెక్కలు చెయ్యలేదు.
బార్లీ జావ చల్లారిందా అని అడిగేవాడు.
చల్లారిందంటే, మళ్ళీ అడిగేవాడు.
ఒక్కసారి మాత్రం నా ఏప్రన్ నాడా వంక చూసి
"ఇది అబద్ధపు ముడి. కొస లాగితే ఏమీ మిగలదు" అన్నాడు.
నేను మళ్ళీ కట్టుకున్నాను, అలాగే.

నర్సు కూడా ఉందట సినిమాలో, పడుచుది.
ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తుందట.
నేను ఏడ్చినట్టు గుర్తులేదు.
పక్కదుప్పట్లు మార్చినట్టు గుర్తు.

నిన్న, మంగళవారం రెండో ఆట.
హాలంతా ఊపిరి బిగబట్టే చోట,
వయొలిను ఒకే తీగ మీద వణికే చోట,
ఎవరో పకపకా నవ్వారు.
ష్, ష్ అన్నారు.
కాసేపటికి తలుపు తోసుకుని ఒకతను వచ్చాడు.
ముప్పై ఏళ్ళుంటాయి. బిళ్ళ నలభై ఒకటి.
చేతిలో అది టకటకమంటోంది.
ఆ వణుకు నాకు తెలుసు. ఏ మాత్రకి వస్తుందో కూడా తెలుసు.

"మాత్ర నాలుక కింద దాచాడమ్మా" అన్నాడు, నవ్వు ఆపుకోలేక,
"అక్కడెవరైనా దాస్తారా? ముందు చూసేదే అక్కడ!"
"పై దవడ" అన్నాను నేను, "జ్ఞానదంతం వెనక."
అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.
ఇద్దరం నవ్వాం, డెబ్బై కోట్లు వింటుండగా,
మర్యాద లేకుండా.

కోటు తొడుక్కుని లేసు కట్టుకోడానికి వంగాడు.
వేళ్ళు వినడం లేదు.
కొస జారుతుంది, పట్టుకుంటాడు, జారుతుంది.
నేను బల్ల దాటి వెళ్ళలేదు.
వెళ్దామని ఒక కాలు కదిలింది, ఆపాను.

లోపల చప్పట్లు మొదలయ్యాయి.
ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.
అతను రెండో బూటుకి వచ్చాడు.