అరగంట బెంచీ

నొప్పి లేదు. అదే వచ్చిన చిక్కు.
నొప్పి పెట్టుంటే మొదటి వారమే పరిగెత్తేవాణ్ణి.
కందిగింజంత పుండు, గట్టిగా,
మాట్లాడకుండా కూర్చుంది.
మూడు వారాలకి దానంతటదే మానింది.
బతికాన్రా అనుకుని
కోయంబేడు గేటు దగ్గర
తోటి హమాలీలకి బజ్జీలు కొనిపెట్టా,
ఎందుకో చెప్పకుండా.

ఆడి వానలకి
అరచేతుల్లో మచ్చలు తేలాయి, రాగి రంగువి.
దురద లేదు, మంట లేదు.
ఎర్రగడ్డల గోతాలు ఒరుసుకున్నాయనుకున్నా.

పెద్దాసుపత్రిలో నర్సు తిలకవతి
నా చేతులు వెలుతురుకి తిప్పింది.
జోస్యగాడు కూడా అంత నిదానంగా చూళ్ళేదు.
"మానింది పుండయ్యా, జబ్బు కాదు" అంది,
సగం తెలుగు, సగం అరవం.
"లోపలికి దిగింది. ఏడాది నిండలేదు గనక
ఒక్క విడతతో పోతుంది.
వదిలేస్తే గుండె దాకా పోతుంది, కళ్ళ దాకా పోతుంది."

ముందు ముంజేతికి చుక్క మందు పొడిచి చూశారు.
తర్వాత రెండు పిరుదులకీ రెండు సూదులు,
గంజిలాంటి చిక్కటి మందు.
డెబ్భై కేజీల మూట మోసేవాణ్ణి,
గోడ పట్టుకుని బూతు మింగాను.
అరగంట ఆ బెంచీ మీదే ఉండమంది.
కూర్చునేదెట్టమ్మా అంటే నవ్వింది.
ఆ గదిలో ఎవరూ నవ్వరనుకున్నా.

"రాత్రికి చలిజ్వరం రావచ్చు, బెదిరిపోకు.
చచ్చేది నువ్వు కాదు, అవి."

లేచేముందు ఒక చీటీ పెట్టింది చేతిలో,
అరవంలో. నాకు అక్షరం రాదు.
కుముదకి వచ్చు. కొరుక్కుపేటలో పుట్టింది,
కార్పొరేషన్ బడిలో చదివింది.

జ్వరం వచ్చింది, చెప్పినట్టే.
పళ్ళు టకటకలాడుతుంటే
నుదుటి మీద తడిగుడ్డ వేసింది కుముద.
అప్పుడిచ్చాను చీటీ.
ముందే ఇచ్చుంటే తడిగుడ్డ ఉండేదా,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండుసార్లు చదివింది.
గుడ్డ తీసి బకెట్లో పడేసింది.
ఎవరని అడగలేదు.
ఎప్పట్నుంచి అని మాత్రం అడిగింది.
వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

పొద్దున ఐదింటికే తల దువ్వుకుని
గడపలో నిలబడి, వీధివైపు చూస్తూ,
"ఏడింటికే టోకెన్లిస్తారంట. ఏ బస్సు?"

ఇప్పుడు ఆ బెంచీ మీద ఆమె,
ఒక పక్కకి ఒరిగి.
నేను నిలబడి ఉన్నాను.
పక్కన చోటుంది.
కూర్చోమని అనలేదు.
తిలకవతి గోడగడియారం చూసి
ఇంకా పద్దెనిమిది నిమిషాలంది.