ఆధారం చూపాలి

ఐసు ఫ్యాక్టరీ లెక్కలు కట్టేసి
రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు కూచుంటాను.
ఫిషింగ్ హార్బర్ మీద లైట్లు ఇంకా ఆరవు.
లోకమంతా కలిసి రాస్తున్న పుస్తకంలో
మా ఊరు ఎలా ఉందో చూస్తాను.

ఇంగ్లీషులో మా విశాఖపట్నం ఒక పొద్దున ఉన్నట్టుండి లేచింది,
ఓడలొచ్చాక, నేవీ వచ్చాక, ఉక్కు వచ్చాక.
అంతకుముందు 'ఒక చిన్న జాలరి పల్లె'.
నాలుగు మాటలు.
ఆ నాలుగు మాటల్లోనే సర్దుకుని పడుకున్నారు మావాళ్ళందరూ,
తెప్పలతో, తెడ్లతో, ఎండు కవళ్ళ వాసనతో సహా.

తెలుగులోకి వస్తే
రాజుల పేర్లు వరసగా, గుళ్ళు వరసగా,
మిగతాది ఇంగ్లీషు నుంచి మర మోసుకొచ్చిన సరుకు:
'నగరము దాని బీచులచే ఆనందించబడుచున్నది.'

రెండొందల ఏళ్ళ కిందట మా రేవులో ఫిరంగులు పేలాయి.
ఇంగ్లీషులో ఇంగ్లీషోడి ఓడ వెన్ను చూపలేదు.
ఫ్రెంచిలో ఫ్రెంచివాడు గెలిచి వెళ్ళాడు.
తెలుగులో వెతికాను.
ఆ రోజు ఏమీ జరగలేదు.
ఒడ్డున ఆరేసిన వలలు ఏమయ్యాయో
ఏ భాషలోనూ లేదు.

మా నాన్న చోడిపల్లి దానయ్య.
సముద్రం మానేసి ఆరేళ్ళు. మోకాళ్ళు.
అడిగితే మంచం మీంచే చెప్తాడు:
"డాల్ఫిన్ నోసేటి గుంటా, మాకది పెద్దకొండ.
దాని ముక్కు ఎనకాల దీపం దాగాల,
ఇటేపు కైలాసకొండ మీదకి సింహాచలం కొండ ఎక్కాల.
రెండు లెక్కలూ కలిసిన కాడ వలేస్తే కోనాం.
ఒక్క కొండని నమ్మి ఎల్లినోడు
నీళ్ళే తెచ్చుకుంతాడు."

అది రాశాను. ఆయన నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే.
తెల్లారేసరికి ఎవరో పెద్దమనిషి,
ఏ జిల్లాయనో, మర్యాదస్తుడే,
ఎల్లినోణ్ణి 'వెళ్ళినవాడు' చేశాడు,
కాడని 'వద్ద' చేశాడు,
చివర చిన్న అక్షరాల్లో తగిలించాడు:
ఆధారం చూపాలి.

ఏ పుస్తకం, ఎన్నో పేజీ, ఎవరి ముద్రణ?
నాన్నని అడిగాను.
"ఆయన్నొకపాలి పడవెక్కమను," అన్నాడు,
"ఆదివోరం అయితే నాను కాలీయే."

నాకు మాత్రం నవ్వు రాలేదు.
మూడు రాత్రులు పోట్లాడాను.
మూడో రాత్రి, నా వాదనకి ఒక పాత ఉదాహరణ కావలసి
నా దిద్దుబాట్ల చిట్టాలో కిందకి దిగుతూ దిగుతూ పోతే

నిరుడు శ్రావణంలో, పాడేరు పైనుంచి
గెమ్మెలి చిన్నబ్బి అనే ఎవరో
ఒక కొండ గురించి నాలుగు పంక్తులు రాశాడు.
తెలుగు అక్షరాలు. సగం తెలుగు కాని మాటలు.
మ్యాపుల్లో ఉన్న పేరు ఆ కొండది కాదట,
అసలు పేరు ఒక ఆడమనిషిదట,
ఆవిడ అక్కడ సామలు చల్లుతూ కూచుండిపోయిందట.
కింద: తొలగించబడినది.
సమయం రాత్రి పదకొండున్నర.
కారణం: ఆధారం లేదు.
తొలగించినవారి పేరు దగ్గర
నా పేరు.

ఆ తర్వాత అతను ఇంకేమీ రాయలేదు.
అతని పేజీలో స్వాగతం చెబుతూ
మర పంపిన ఉత్తరం ఒక్కటే ఉంది.

వెనక్కి తెచ్చాను. ఒక్క మీట నొక్కితే వచ్చింది
ఏడాదిగా లేని కొండ.

అతనికి నాలుగు ముక్కలు రాయాలి.
'మన్నించగలరు' అని కొట్టాను.
చదువుకుంటే అచ్చం ఆ పెద్దమనిషి గొంతే.
చెరిపేశాను.
'తప్పైపోనాది' అని కొట్టాను.
అదీ మా పేట మాటే గానీ అతని కొండది కాదు.

అవతల గదిలో నాన్న దగ్గు.
రేవులో తొలి బోటుకి ఐసు దంచుతున్న చప్పుడు.
తెల్లటి గడిలో సన్నటి నిలువు గీత ఒకటి
వెలుగుతూ, ఆరుతూ,
వెలుగుతూ.